ఎత్తు పెరగని మరబిడ్డ

పిల్లలున్న ఏ ఇంట్లోనైనా చూడండి, తలుపు పక్కన గోడ మీద పెన్సిలు గీతలు కనిపిస్తాయి. పుట్టినరోజుకి ఒకటి, ఎండాకాలం సెలవులకి ఒకటి... ‘పోయినేడాదికీ ఇప్పటికీ నాలుగు వేళ్ళు పెరిగినాడే!’ అని అవ్వలు మురిసిపోతారు. ఇంటికి సున్నం కొట్టించేటప్పుడు ఆ ఒక్క చోటూ వదిలేయమని చెప్పే తల్లులు కూడా ఉన్నారు.

మరి ఆ గీత ఎన్నేళ్ళకీ పైకి జరగకపోతే? బిడ్డ నవ్వుతాడు, మాట్లాడతాడు, చెప్పిన పని చేస్తాడు, నాన్నంటే ప్రాణం పెడతాడు. కానీ ఎత్తు మాత్రం పెరగడు. అప్పుడా బిడ్డని ఏం చేస్తాం?

సరిగ్గా ఈ ప్రశ్న దగ్గరే జపానులో ఒక పిల్లల బొమ్మల కథ మొదలైంది. 1952 ఏప్రిల్‌లో ‘షోనెన్’ అనే అబ్బాయిల మాసపత్రికలో ‘తెత్సువాన్ అటోము’ అనే పేరుతో వచ్చింది. ‘ఇనుప చేతుల అటామ్’ అని చెప్పుకోవచ్చు. మిగతా ప్రపంచానికి ‘ఆస్ట్రో బాయ్’గా తెలిసిన మరబాలుడు వీడే. తల మీద కొమ్ముల్లా రెండు జుట్టు మొనలు, పెద్ద పెద్ద కళ్ళు, కాళ్ళకి ఎర్ర బూట్లు. టీవీలోనో సినిమాలోనో మీ పిల్లలు చూసే ఉంటారు.

‘రోబో బొమ్మల కథేగా, పిల్లల గోల మనకెందుకు’ అనుకుంటున్నారా? కాస్త ఓపిక పట్టండి. ఇది పిల్లల కోసం రాసిందే కానీ, పెద్దవాళ్ళు తప్పకుండా చదవాల్సిన కథ.

అమ్మేసిన నాన్న

తెన్మా అనే గొప్ప శాస్త్రవేత్తకి తోబియో అని ఒక్కగానొక్క కొడుకు. ఆ పిల్లాడు రోడ్డు ప్రమాదంలో చనిపోతాడు. తండ్రి దుఃఖం పిచ్చిగా మారుతుంది. పోయిన కొడుకు రూపాన్నే మళ్ళీ తయారు చేయాలనుకుంటాడు. తనకున్న చదువంతా, చేతికింద ఉన్న మనుషులనంతా పెట్టి, అచ్చం తోబియోలా ఉండే ఒక మరబాలుణ్ణి చేస్తాడు.

ఆ మరబిడ్డకి లేని శక్తి లేదు. లక్ష హార్స్ పవర్ బలం. కాళ్ళలోంచి మంటలు చిమ్ముకుంటూ ఆకాశంలో ఎగురుతాడు. మనకన్నా వెయ్యి రెట్లు బాగా వింటాడు. 60 భాషలు మాట్లాడతాడు. కళ్ళలో సెర్చిలైట్లు. ఎదుటి మనిషి మంచివాడో చెడ్డవాడో ఇట్టే కనిపెట్టేస్తాడు. ఏ తండ్రికైనా ఇంకేం కావాలి?

కానీ తెన్మాకి ఒకటి కావాలి. కొడుకు పెరగాలి. ఏడాది గడిచినా మరబాలుడు అంతే ఉంటాడు. ఇనుము పెరగదు కదా! అది తెలియనంత అమాయకుడా ఆయన? తెలుసు. అయినా కోపం. ‘నువ్వు నా తోబియోవి కావు’ అని వాణ్ణి ఒక సర్కస్ వాడికి అమ్మేస్తాడు.

మా పాపకి ఇంగ్లీషు పుస్తకంలోంచి ఈ కథ తెలుగులో చెబుతుంటే, పక్కన చిక్కుడుకాయలు వలుస్తున్న మా అత్తమ్మ చెయ్యాపి, ‘అదేందిమా, పెరగలేదని బిడ్డని అమ్మేసేదుండాదా? వాడేమన్నా గొడ్డా?’ అన్నారు. తర్వాత కాసేపటికి ఆవిడే, ‘అయినా ఆ తండ్రి ఏడ్చింది పోయిన బిడ్డ కోసం కదా, పాపం. ఈ బిడ్డని చూసిందెక్కడ?’ అన్నారు.

నేను ఎన్ని పుస్తకాలు చదివినా ఇంత సూటిగా చెప్పలేనేమో. కథ గుట్టంతా ఆ మాటలోనే ఉంది. తెన్మా ఎదురుగా ఉన్న బిడ్డని ఒక్కసారీ చూడలేదు. తన మనసులో ఉన్న ఇంకో బిడ్డతో పోల్చి కొలిచాడు, అంతే.

ఆ కథా లోకంలో మరమనుషులకి కొన్ని చట్టాలున్నాయి. మనిషిని చంపకూడదు, మనిషికి మేలు చేయాలి... ఇలాంటివి. వాటిలో ఒకటి చదివి నేను ఆగిపోయాను. మరమనిషి తనని తయారుచేసిన మనిషిని ‘నాన్న’ అని పిలిచి తీరాలట! బిడ్డకి చట్టం ఉంది. మరి నాన్నకో? వాణ్ణి ‘కొడుకు’ అని పిలిచి తీరాలని ఏ చట్టమూ లేదు.

సర్కస్‌లో ఉన్న ఆ బిడ్డని ఓచనోమిజు అనే పెద్ద ముక్కు ప్రొఫెసర్ గారు చూస్తారు. చూసి, చేరదీస్తారు. అటామ్‌ని మామూలు పిల్లలతో పాటు బడికి పంపిస్తారు. వాడికో ఇల్లుండాలని మర అమ్మానాన్నలని కూడా తయారుచేసి ఇస్తారు. తర్వాత ఉరాన్ అని అల్లరి చెల్లెలు కూడా వస్తుంది. బిడ్డ ముందు, అమ్మానాన్నలు తర్వాత! నవ్వొచ్చినా ఎంత చక్కటి ఆలోచన చూడండి. ఓచనోమిజు గారు అటామ్‌ని ఎత్తు పెరగమని ఒక్కనాడూ అడగలేదు. వాడు వాడుగా ఉంటే చాలనుకున్నారు. అలా ఎదిగిన బిడ్డే ఊరందరినీ కాపాడే వీరుడయ్యాడు.

బొమ్మలు గీసిన డాక్టరు

ఈ కథ రాసి, బొమ్మలు గీసిన ఆయన ఒసాము తెజుకా. 1928 నవంబరు 3న ఒసాకా దగ్గర పుట్టారు. పెరిగింది తకారజుకా అనే ఊళ్ళో. పూర్తిగా ఆడవాళ్ళే, మగ వేషాలతో సహా, ఆడిపాడే నాటక సంస్థ ఒకటి ఆ ఊరికి పేరు తెచ్చింది. వాళ్ళమ్మగారు ఆయన్ని చిన్నప్పుడు ఆ నాటకాలకి తీసుకెళ్ళేవారు. ఇంట్లో బొమ్మల కథల పుస్తకాలు కొని పెట్టడమే కాదు, ఒక్కో పాత్రకి ఒక్కో గొంతు పెట్టి చదివి వినిపించేవారట. పిల్లాడికి కళ్ళద్దాలు, ఉంగరాల జుట్టు. బళ్ళో ఏడిపించేవాళ్ళు. ఇంట్లో పుస్తకాలున్నాయని తెలిశాక ఏడిపించిన పిల్లలే చదువుకోవడానికి ఇంటికొచ్చేవారు.

యుద్ధం రోజుల్లో స్కూలు పిల్లలని కూడా ఆయుధాల ఫ్యాక్టరీల్లో పనికి పెట్టారు. 1945లో ఒసాకా మీద బాంబులు పడ్డప్పుడు తెజుకా అక్కడే ఉండి బతికి బయటపడ్డారు. ఆ ఏడే ఒసాకా యూనివర్సిటీలో డాక్టరు చదువుకి చేరారు. ఒక పక్క శవపరీక్షలు, మందుల పేర్లు... ఇంకో పక్క బొమ్మల కథలు. 1947లో ఆయన గీసిన ‘కొత్త నిధుల దీవి’ లక్షల్లో అమ్ముడుపోయిందని చెబుతారు. అదే 1947 జులైలో మన మద్రాసులో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు ‘చందమామ’ మొదలుపెట్టారు. యుద్ధం నుంచి తేరుకుంటున్న దేశంలో ఒకరు, స్వాతంత్ర్యం గుమ్మంలో ఉన్న దేశంలో వీరు, ఇద్దరూ పిల్లల చేతికి బొమ్మల పుస్తకమే ఇవ్వాలనుకోవడం నాకు భలే ముచ్చటేస్తుంది.

డాక్టరా, బొమ్మలా అన్న ప్రశ్న వచ్చినప్పుడు తెజుకా వెళ్ళి వాళ్ళమ్మనే అడిగారు. ఆవిడ, నీకు ఏది ఇష్టం అని తిరిగి అడిగారట. బొమ్మలే అన్నారాయన. అయితే అదే చెయ్యి అన్నారు ఆవిడ. అలాగని చదువు మధ్యలో వదిలేయలేదు సుమా! డాక్టరు పరీక్షలూ పాసయ్యారు. 1961లో వైద్యంలో డాక్టరేట్ కూడా తీసుకున్నారు. 1989 ఫిబ్రవరి 9న, 60 ఏళ్ళకే కాన్సర్‌తో పోయేనాటికి ఆయన గీసిన పేజీలు దాదాపు లక్షా యాభై వేలు! మన బుద్ధుడి కథని కూడా 1972 నుంచి 1983 దాకా బొమ్మల్లో చెప్పారు. ఆడపిల్లలకీ ఒక వీరనారి ఉండాలని, కత్తి పట్టిన రాకుమారి కథ ఒకటి 1953లోనే మొదలుపెట్టారు.

ఇంకో సంగతి. హిరోషిమా, నాగసాకిల మీద అణుబాంబులు పడి ఏడేళ్ళు కూడా నిండకముందే పుట్టాడు అటామ్. వాడి పేరే ‘అణువు’. లోపల నడిచేది అణుశక్తితోనే. ఊళ్ళని బూడిద చేసిన శక్తిని ఒక చిన్నపిల్లాడి గుండెలో పెట్టి, ‘దీన్ని మంచి మనసుతో వాడితే ఎలా ఉంటుంది?’ అని అడిగినట్టుంటుంది. అయితే మనుషులు మరమనుషులని చిన్నచూపు చూడడం, హోదా లేదనడం కూడా కథలో అడుగడుగునా ఉంది. గెలిచిన దేశం సైనికుల మధ్య ఓడిన దేశపు కుర్రాడిగా తిరిగిన తెజుకాకి, మాట అర్థంకాక దెబ్బలు తిన్న అనుభవమూ ఉంది. అందుకే అటామ్ అటు మనుషులకీ ఇటు మరమనుషులకీ మధ్య నిలబడి ఇద్దరి దగ్గరా మాటలు పడుతుంటాడు. రెండిళ్ళ మధ్య నలిగిన ఆడవాళ్ళకి వాడి బాధ కొత్తగా చెప్పక్కర్లేదు!

అమ్మల మీద ఒక మాట

ఇప్పుడు చెప్పబోయేది మనకి కాస్త ఇబ్బందిగా ఉండొచ్చు. 1955 ప్రాంతంలో జపానులో ‘చెడ్డ పుస్తకాలని తరిమేద్దాం’ అని ఒక ఉద్యమం లేచింది. ముందు నడిచింది తల్లుల సంఘాలు, స్కూళ్ళలో తల్లిదండ్రుల సంఘాలు. బొమ్మల కథలు చదివితే పిల్లలు పాడైపోతారని వాళ్ళ భయం. కొన్ని చోట్ల పుస్తకాలు కుప్పపోసి తగలబెట్టారు కూడా. తెజుకా పేరూ అందులో నలిగింది. మరమనుషులేంటి, అంత వేగంగా పోయే రైళ్ళేంటి, జరగని వింతలతో పిల్లల బుర్రలు చెడగొడుతున్నాడన్నారు. సరిగ్గా తొమ్మిదేళ్ళకి, 1964 అక్టోబరులో, జపానులో బుల్లెట్ రైలు పట్టాలెక్కింది!

ఒక్క జపాను అనే కాదు. 1954లో అమెరికాలోనూ ఇదే గోల. ఫ్రెడ్రిక్ వెర్థమ్ అనే మానసిక వైద్యుడు కామిక్స్ వల్లే పిల్లలు చెడిపోతున్నారని పుస్తకం రాశాడు. ఆ ఏడే కామిక్స్ కంపెనీలు తమకి తామే కట్టుబాట్లు పెట్టుకోవాల్సి వచ్చింది.

ఆ తల్లులని నేను తప్పుబట్టను. ఆ రోజుల్లో చెత్త పుస్తకాలు కూడా వచ్చి ఉంటాయి. బిడ్డ ఏం చదువుతున్నాడో అని కంగారుపడడం తల్లి లక్షణం. ఈనాడు పుస్తకం బదులు సెల్‌ఫోను చూసి మనమూ అలాగే కంగారుపడుతున్నాం. కానీ కుప్పలో వేసేముందు ఒక్కసారి తెరిచి చదివి ఉంటే? బిడ్డని కొలబద్ద పెట్టి కొలవకండర్రా అని చెబుతున్న కథ వాళ్ళ కంటపడేది.

కథ మాత్రం ఆగలేదు. పత్రికలో 1968 దాకా, 16 ఏళ్ళు సాగింది. 1963 జనవరి 1న టీవీలో మొదలై 1966 చివరి రోజు దాకా 193 భాగాలు వచ్చింది. ఆఖరి భాగంలో అటామ్ భూమిని కాపాడడానికి సూర్యుడిలోకి దూసుకుపోయి తనని తాను ఇచ్చేసుకుంటాడు. ఆ పిల్లలు ఎంత ఏడ్చి ఉంటారో! అలా చదివి, చూసి పెరిగిన పిల్లల్లో కొందరు పెద్దయ్యాక నిజం రోబోలు చేసే ఇంజనీర్లయ్యారు, అటామ్‌ని చూసే ఈ దారి పట్టామని చెప్పుకున్నారు. కథ ప్రకారం అటామ్ పుట్టింది 2003 ఏప్రిల్ 7న. నిజంగా ఆ తేదీ వచ్చేసరికి జపానులో పండగ చేశారు. నీజా అనే పట్టణం వాడికి తమ ఊరి నివాసిగా పేరు కూడా రాసుకుంది. తండ్రి అమ్మేసిన బిడ్డకి ఊరే ఇల్లయింది!

మన చిట్టికేమైంది?

‘మనకీ ఒక రోబో ఉన్నాడు కదా’ అంటారేమో. ఉన్నాడు. 2010లో రజనీకాంత్ ‘రోబో’ మన తెలుగులోనూ ఆడింది. చిట్టి అనే పేరు మన ఇళ్ళలో పిల్చుకునే పేరే కాబట్టి పిల్లలకి వాడు మరీ దగ్గరయ్యాడు.

ఆ సినిమాని తల్లి కళ్ళతో ఒకసారి గుర్తు చేసుకోండి. వశీకరణ్ చిట్టిని తయారుచేస్తాడు. నేర్పిస్తాడు. సైన్యం ముందు పరీక్షకి నిలబెడితే చిట్టి పరువు తీస్తాడు. ఆ కోపంలో వశీకరణ్ వాణ్ణి గొడ్డలితో ముక్కలు ముక్కలు చేసి చెత్తకుప్పలో పారేయిస్తాడు. ఆ ముక్కలు ఇంకొకడి చేతిలో పడతాయి. వాడు చిట్టి తలలో ఎర్ర చిప్ పెడతాడు. తర్వాత ఊరి మీద పడ్డ నాశనమంతా మనం చూసిందే.

అటామ్‌నీ తండ్రే వదిలేశాడు, చిట్టినీ చేసినవాడే పారేశాడు. ఇద్దరిలోనూ తప్పు ఇనుముది కాదు. తేడా ఎక్కడంటే, వదిలేసిన తర్వాత ఎవరి చేతికి చిక్కారన్నదాంట్లో. ఒకడికి ఓచనోమిజు దొరికాడు, ఒకడికి దొరకలేదు. మన ఇంట్లోంచి మనసు విరిగి బయటికి నడిచిన బిడ్డ ఎవరి చేతికి చిక్కుతాడో మనకి తెలుస్తుందా?

పది లక్షల హార్స్ పవర్

మన తిరుపతిలో పిల్లలకి సైన్సు మీద ఆశ పుట్టించే చోట్లకి కొదవలేదు. అలిపిరి దారిలో ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం 1993 నుంచీ ఉంది. 2015లో ఐఐటీ వచ్చింది. సంతోషమే. కానీ ఆ ఐఐటీ పేరు చెప్పుకునే ఎంతమంది పిల్లలని తొమ్మిదో తరగతి నుంచే హాస్టళ్ళలో వేసేస్తున్నామో మీకు తెలియంది కాదు.

మా అక్క కొడుకు ఇంటర్ మొదటి సంవత్సరం. ఊరూ కాలేజీ పేరూ ఎందుకులెండి, అన్నీ అలాగే ఉన్నాయి. వారం వారం పరీక్ష. వచ్చిన మార్కులని బట్టి సెక్షన్ మారిపోతుంది. బెంచీ మారుతుంది, చెప్పే సార్లు మారతారు, చివరికి స్నేహితులూ మారతారు. పోయిన సంక్రాంతికి నాలుగు రోజులు మా ఇంట్లో ఉన్నాడు. పెద్దగా మాట్లాడడు. మా పాప పుస్తకం తీసుకుని మిద్దె మెట్ల మీద కూర్చుని పూర్తిగా చదివేశాడు. సాయంత్రం వంటింట్లోకి వచ్చి, ‘పిన్నమ్మా, ఆ తెన్మా మళ్ళీ ఎప్పుడన్నా వచ్చినాడా, వాణ్ణి చూసేకి?’ అని అడిగాడు.

వచ్చాడు. 1964లో మొదలైన ఒక పెద్ద కథలో వస్తాడు. ఒక సుల్తాను ప్రపంచంలోకెల్లా బలమైన రోబో తనకే ఉండాలని ప్లూటో అనే వాణ్ణి చేయించి, ఏడుగురు గొప్ప మరమనుషుల మీదికి పంపుతాడు. ఒక్కొక్కరే ముక్కలవుతుంటారు. అటామ్ తనకి పది లక్షల హార్స్ పవర్ కావాలంటాడు. ఓచనోమిజు గారు వద్దంటారు. అప్పుడు తెన్మా వస్తాడు. కొడుకు బలాన్ని లక్ష నుంచి పది లక్షలు చేసి పెడతాడు.

నేను ఇది చెప్పగానే పిల్లాడు ఒక్క నిమిషం ఊరుకున్నాడు. ‘అంటే... పవర్ పెంచేకే వచ్చినాడు’ అన్నాడు. అనేసి మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు.

పొయ్యి దగ్గర మా అక్క అలాగే నిలబడిపోయింది. రాత్రి పడుకునేటప్పుడు నాతో అంది: ‘ఆదివారం ఆదివారం ఫోన్ ఇస్తారే. మార్కులు తగ్గిన వారం వీడు చెయ్యడు. చదువుకుంటా ఉంటాడులే అనుకుంటా వచ్చినా ఇన్నాళ్ళూ.’

మా అక్క చెడ్డ తల్లి కాదు. ఉన్న నగలు తాకట్టు పెట్టి ఫీజు కట్టిన తల్లి. మా బావా అంతే, కొడుకు తనలా ఎండలో తిరగకూడదని ఆయన తపన. తెన్మా కూడా ప్రేమ లేనివాడు కాదు కదా! కొడుకు మీద ప్రేమతోనే అంత పని చేశాడు. అందుకే ఈ కథ నాకు భయం వేస్తుంది. ప్రేమ లేని చోట జరిగే అన్యాయం అయితే ఎవరైనా గుర్తుపడతారు. ప్రేమ పేరుతో జరిగేదే కంటికి కనబడదు.

ఆ తర్వాత అక్క ఒక పని చేసింది. హాస్టల్లో దించి వచ్చేటప్పుడు, ‘మార్కులు ఎన్నొచ్చినా ఆదివారం ఫోన్ చెయ్. నేను మార్కులడగను, నువ్వు చెబితే వింటా’ అని చెప్పొచ్చింది. మొదటి రెండు వారాలు ఫోన్ రాలేదు. మూడో వారం వచ్చింది. మెస్సులో సాంబారు గురించి పది నిమిషాలు తిట్టాడట! సెక్షన్ మాత్రం కిందదే. బావ ఇంకా సణుగుతూనే ఉన్నారు. పిల్లాడు మాత్రం ప్రతి ఆదివారం మాట్లాడుతున్నాడు.

పిల్లలు చదవొద్దనీ, ర్యాంకులు తెచ్చుకోవద్దనీ ఎవరంటారు? అలా అంటే ఒప్పుకునే రోజులూ కావివి. తెజుకా కూడా బొమ్మలు గీస్తూనే డాక్టరు చదువు పూర్తిచేశారు. అటామ్ కూడా రోజూ బడికెళ్ళాడు. అయితే ఎంత పవరున్నా లేకపోయినా తిరిగి రావడానికి ఒక ఇల్లుందని బిడ్డకి తెలిసుండాలి. ఆ ఇంట్లో తన పేరు తనదే అయి ఉండాలి. ఇంకెవరి పేరుతోనో, పక్కింటి పిల్లాడి పేరుతోనో పిలవకూడదు.

ఈసారి సెలవులకి పిల్లలు ఇంటికి వచ్చినప్పుడు ఏదో ఒక బొమ్మల పుస్తకం తెచ్చి పెట్టండి. ఆస్ట్రో బాయ్ ఇంగ్లీషులో 23 సంపుటాలుగా వచ్చింది. అది దొరక్కపోతే ఇంట్లో అటక మీద ఉన్న పాత చందమామ అయినా చాలు. దాన్ని పిల్లాడి చేతికిచ్చి వంటింట్లోకి వెళ్ళిపోకుండా పక్కన కూర్చోండి. ఏ పేజీ దగ్గర వాడు ఎక్కువసేపు ఆగాడో గమనించండి. మనల్ని అడగాలనుకుని అడగలేకపోయిన మాట చాలాసార్లు ఆ పేజీలోనే ఉంటుంది.